ఎడమకి పోతే ఎడమకే

ఎన్‌సీసీ అనగానే మనవాళ్లకి పెరేడ్ తర్వాత ఇచ్చే పూరీ కూర గుర్తొస్తుంది. నాకు మాత్రం 303 రైఫిల్ ముక్కు గుర్తొస్తుంది. 1983 చలికాలం క్యాంపు. ఊరి బయట కొండను ఆనుకుని ఫైరింగ్ రేంజ్. ఎర్రజెండాలు ఎగరేసి, వంద గజాల దూరంలో టార్గెట్లు నిలబెట్టారు. ఇసుక బస్తాల వెనక వరసగా బోర్లా పడుకున్నాం.

ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ ముద్ర ఉన్న ముసలి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ అది. నాలుగు కిలోల బరువు. గురి చూసే వెనక సైట్ మీద, టార్గెట్ దూరాన్ని బట్టి పెట్టుకోడానికి 200 నుంచి 2000 గజాల దాకా అంకెలుంటాయి. స్లయిడ్ జరిపేకొద్దీ గాడి పైకి లేస్తుంది. అంకె పెద్దదైతే దెబ్బ గట్టిగా తగులుతుందని నా లెక్క. 800 దగ్గర పెట్టాను. రెండు రౌండ్లూ, అంటే రెండు గుండ్లూ, టార్గెట్ నెత్తి మీదుగా పోయి మట్టికట్టలో దుమ్ము లేపాయి. మాకు నేర్పే ఉస్తాద్ వచ్చి, ఏమీ అనకుండా వంగి, స్లయిడ్‌ని 200కి లాగేశారు.

ఆ తర్వాత శిస్త్, అంటే గురి పెట్టే పాఠం. వెనక గాడి మధ్యలో ముందు సైట్ మొన, అదే రైఫిల్ ముక్కు, నిలవాలి, రెండింటి తలలూ సమంగా ఉండాలి. చూపు మొన మీదే ఉండాలి, టార్గెట్ మసకబారినా పర్వాలేదు. నల్ల చుక్క ఆ మొన మీద నిమ్మకాయ పెట్టినట్టు కూర్చోవాలి. ఇది వినడానికి తేలిక. కన్ను పదే పదే టార్గెట్ మీదకే పరిగెడుతుంది.

మూడోసారికి నా అయిదు రౌండ్లూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయి. కానీ చుక్కకి ఆరంగుళాలు ఎడమకి. "రైఫిల్ తేడా ఉస్తాద్" అన్నాను. మొదటి రోజు అనుంటే తిట్టేవారే. ఈసారి తనే పడుకుని మూడు రౌండ్లు కొట్టారు. అవీ ఎడమకే పోయాయి. ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌ని పిలిచారు.

"ముందు సైట్‌ని ఎటు జరపాలి?" అని ఉస్తాద్ నన్నడిగారు. గుండు ఎడమకి పోతోంది కాబట్టి కుడికి అన్నాను. ఆయన నవ్వారు. ఎడమకే జరపాలట! మొనని ఎడమకి తోస్తే, మళ్లీ గాడి మధ్యలోకి తేవాలంటే గొట్టం మూతిని కుడికి తిప్పక తప్పదు. గుండూ కుడికి వెళ్తుంది. వెనక సైట్ జరిపే రైఫిళ్లలో మాత్రం ఇది తిరగబడుతుంది. ఇంజినీరింగ్ చదివి కూడా నేను ఇప్పటికీ వేలితో గాల్లో గీసుకునే చెబుతాను.

ఆర్మరర్ చిన్న క్లాంపు తగిలించి స్క్రూ తిప్పాడు. మొన కదిలిందా అనిపించేంతే కదిలింది. రెండు సైట్ల మధ్య దూరం 19 అంగుళాల చిల్లర. ఇక్కడ మిల్లీమీటరు జరిగితే వంద గజాల దగ్గర జానెడు తేడా వస్తుంది. మాకు కావలసింది మిల్లీమీటరు కూడా కాదు.

తర్వాత అయిదింట్లో నాలుగు నల్లచుక్కలో పడ్డాయి. భుజం కమిలిపోయి వారం రోజులు చొక్కా వేసుకున్నప్పుడల్లా నొప్పే, అయినా హాస్టల్లో అందరికీ చూపించాను.

తర్వాతి డిటైల్‌లో, అంటే కాల్చే జట్టులో, అదే రైఫిల్ నా రూమ్మేట్‌కి వెళ్లింది. వాడి అయిదు రౌండ్లూ టార్గెట్ నాలుగు మూలలా చెదిరాయి. లేచి దుమ్ము దులుపుకుంటూ, "ఈ ముక్కుని ఎవడ్రా గెలికింది?" అన్నాడు.