ఒకే అంకె, నాలుగు పటాలు

నాలుగో పటంలో కుడివైపు పైన ఒంటరిగా ఉన్న చుక్కను ఈ సాయంత్రం వేలితో మూసి చూసేసరికి, మిగిలిన పది చుక్కలూ ఒకే నిలువు గీత మీద నిలబడి కనిపించాయి.

గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో ప్రచురించిన నాలుగు దత్తాంశ సమూహాలకు (అంకెల జతల పట్టికలకు) నేను గీసుకున్న పటాలవి. ఒక్కోదానిలో 11 చుక్కలే ఉంటాయి, నాలుగింటికీ సహసంబంధ గుణకం, అంటే చుక్కలు ఒక తిన్నని గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, సుమారు 0.816 వస్తుంది; చుక్కలన్నీ పైకి వాలిన ఒకే గీత మీద ఉంటే అది 1. ఆ గుణకాన్ని చేత్తో లెక్కగట్టి, "గట్టి సంబంధం" అని నోట్సులో రాసుకున్న తరువాతే నేను పటాలు గీశాను. మొదటిది అనుకున్నట్టే వచ్చింది. రెండోది నునుపైన వంపు. మూడోది దాదాపు తిన్నని గీత, దారి తప్పిన ఒక్క చుక్క వల్లే దాని గుణకం 1 దాకా చేరలేదు.

నన్ను చాలాసేపు అక్కడే కూర్చోబెట్టింది మాత్రం నాలుగోదే. పది చుక్కలకూ ఎక్స్ (అడ్డంగా కొలిచే రాశి) విలువ 8, ఆ ఒంటరి చుక్కకు 19. దాన్ని తీసేస్తే ఎక్స్‌లో మార్పే మిగలదు కనుక గుణకాన్ని లెక్కించడానికే వీలుండదు. అంటే రెండు చలరాశుల మధ్య బంధమని నేను నమ్మినదంతా ఒకే ఒక్క పరిశీలన మీద నిలబడి ఉంది. సహసంబంధం కారణం కాదన్న హెచ్చరిక మొదటి పాఠంలోనే విన్నాను గానీ, ఆ సంబంధం ఉందో లేదో కూడా చూసుకోవాలని నాకు తోచలేదు.

నోట్సులో "గట్టి సంబంధం" అన్న ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కనే నాలుగు పటాలనూ పెన్సిలుతో వేసుకున్నాను.