సర్టిఫికెట్‌ల జూన్, సోమశిలల జనవరి

నా సర్టిఫికెట్‌ల పుట్టిన తేది జూన్ ఒకటి. మా తరం ఊర్ల పిల్లలు సగం మంది జూన్‌లనే పుట్టిన్రు, బడిల వేసేటప్పుడు హెడ్మాస్టర్ సారు ఏది రాస్తే అదే. ఆ రోజు వాట్సాప్‌ల నాలుగు కేకుల బొమ్మలు వస్తయి, థాంక్యూ సార్ థాంక్యూ మేడం అని పెడత, అయిపాయె. అసలు పుట్టింది మాత్రం 1981ల, సంక్రాంతి అయినంక మూడో రోజు అంటది అమ్మ. పుట్టిన ఊరు చూద్దామంటే లేదు, శ్రీశైలం డ్యామ్ నీళ్లల్ల మునిగింది. నేను చంకల పిల్లగా ఉన్నప్పుడే, అదే ఏడాది, ఊర్లు ఖాళీ చేయించిన్రు.

ఈ జనవరిల మా ఆయన, కృష్ణ ఒడ్డున సోమశిల పోదాం, మీ అమ్మకు ఏదో మొక్కు ఉందంట అన్నడు. అమ్మ మా దగ్గరనే ఉంటది, నన్ను అడగకుండ ఈయనకు మొక్కులు చెప్పుడు ఏంది అని అప్పుడే అనుమానం రావాల్సింది గాని రాలే. ఆదివారం పొద్దున హైదరాబాద్‌ల ఐదున్నరకే కారు తీసినం. షాద్‌నగర్ దాటినంక ఇడ్లీలు, జడ్చర్ల కాడ 44 హైవే ఇడిచి బిజినేపల్లి మీదికెళ్లి నాగర్‌కర్నూల్, రోడ్డు మంచిగనే ఉంది, దాని గురించి చెప్పేది ఏం లేదు. పెద్దకొత్తపల్లి దాటినంక మాత్రం కిటికీ దించిన. కొల్లాపూర్ వైపు ఏడ చూసినా మామిడి తోటలే, జనవరిల పూత మీద ఉంటయి, ఆ వాసన కార్లకు వస్తుంటే అమ్మ ఒక్క మాట మాట్లాడకుండ బయటికే చూసుకుంట కూసుంది.

సింగోటం కాడికి వచ్చేసరికి మా ఆయన సడెన్‌గ కారు పక్కకు తిప్పిండు. సంక్రాంతికి అక్కడ లక్ష్మీనరసింహస్వామి జాతర నడుస్తది, స్వామి లింగం రూపంల ఉంటడు, శివుడా విష్ణువా అని అడిగితే ఇద్దరూ అంటరు ఊరోళ్లు. జాతర అంటే నాకు ఇష్టమే గాని ఈయన దర్శనం అయినంక గూడ కదలడు. గాజుల దుకాణం చూద్దాం అంటడు, జీవితంల నాకు గాజులు కొనిచ్చిన మనిషి కాదు! మావాడేమో మిర్చిబజ్జీలు రెండోసారి తెమ్మంటడు, ఇద్దరూ పక్కకు పోయి ఫోన్ల గుసగుస, నాకు ఎండ నెత్తికెక్కి ఇంక అందరినీ కలిపి తిట్టుడు మొదలుపెట్టిన, అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది, నేను దగ్గు అనుకున్న.

సోమశిలల ముందు గుడికే పోయినం. ఈ లలితా సోమేశ్వరస్వామి గుడి గూడ మునిగే కాడికెళ్లి తీసి పైన కట్టిందే, కొల్లాపూర్‌ల మాధవస్వామి గుడి గూడ అట్లనే మంచాలకట్ట నుంచి వచ్చింది. దేవుళ్లను రాయి రాయి ఊడదీసి తెచ్చి నిలబెట్టిన్రు, మనుషులు మాత్రం ఎవరి మూట వాళ్లు మోసుకున్నరు అని మా మేనమామ ఎప్పుడూ అంటడు.

ఘాట్ మెట్లు దిగుతుంటే రెండు పక్కల చేపల ఫ్రై బండ్లు, కారం పూసిన ముక్కలు నూనెల చుయ్ చుయ్ అంటున్నయి. నేను అక్కడనే ఆగిన. ముందు బోటు, తర్వాత చేపలు అని మావాడు చెయ్యి పట్టి గుంజుకుపోయిండు. బోటు మీద నీలం పట్టా కప్పి ఉంది. కాలు పెట్టిన్నో లేదో ఆ పట్టా లేచింది, దాని కింది నుంచి మా తమ్ముడు, మరదలు, చెల్లె, బావ, చిన్నమ్మ, పిల్లలు, వాళ్లెనక మహబూబ్‌నగర్‌ల నాతోని టీటీసీ, అదే టీచర్ ట్రైనింగ్, చేసిన దోస్తులు నలుగురు! అందరూ ఒక్కసారి అరిచేసరికి బోటు ఊగి నేను పోయి చిన్నమ్మ ఒళ్లె పడ్డ. మేం సింగోటంల గాజులు చూసినంత సేపూ వీళ్లు పట్టా కింద ఉడికిపోయిన్రంట, లేటు ఎందుకయిందంటే కేకు నాగర్‌కర్నూల్ నుంచి బస్సుల తెచ్చిండు తమ్ముడు, అది వచ్చేదాంక నన్ను ఆపాలె, అదీ సంగతి.

నడి నీళ్లకు పోయినంక గాలి మొదలైంది. కొవ్వొత్తి ఎలిగిస్తే ఆరుతది, చిన్నమ్మ కొంగు అడ్డం పెడితే గూడ ఆరుతది, ఊదే పని నాకు లేకనే పోయింది. అమ్మ బొట్టు పెట్టి అక్షింతలు వేసి, నలభై ఐదు నిండినయి బిడ్డా అన్నది. నాకు నా వయసు తెల్వదా, గాని ఆమె నోటెంట ఇన్నంక ఏడుపు ఆగలే.

అప్పుడు బోటు నడిపే పెద్దమనిషిని అమ్మ అడిగింది, మా ఊరు ఎటు దిక్కు అని. ఆయన చెయ్యి చాపిండు. కాదు, ఇంకా ఎడమకు అన్నది అమ్మ. డ్యామ్ నిండు 885 అడుగులు, ఇప్పుడు కొంచెం తగ్గింది గాని ఊరు తేలేంత కాదు, ఎండకాలంల రావాలె, మొండిగోడలు కనిపిస్తయి అన్నడు ఆయన. ఇద్దరూ మస్తు సేపు కొట్లాడిన్రు, బాయి ఏడ, చావడి ఏడ, చింతచెట్టు ఏడ అని. సంగమేశ్వరం గుడి గూడ అట్లనే కదా, ఏడాదిల సగానికి పైన నీళ్లల్లనే ఉంటది. అవతలి ఒడ్డు ఆంధ్ర. మా దోస్తులల్ల ఒకామె, నువ్వు పుట్టిన ఊరి మీదనే కేకు కోసినవే అన్నది, అందరం నవ్వినం.

భోజనాలు మామ ఇంట్ల, కొల్లాపూర్ దగ్గర, ఊరు పోయినంక వాళ్లకిచ్చిన ప్లాట్లల్ల. జొన్నరొట్టె, నాటుకోడి, పచ్చిపులుసు, బచ్చాలు, సోమశిల నుంచి కట్టించుకొచ్చిన బొచ్చె చేప ముక్కలు. అత్త నాలుగు గంటలకే లేసిందంట. తిన్నంక మామ రా బిడ్డా అని లోపలి అర్రలకు తీసుకపోయి పైకి చూపిచ్చిండు. నల్లగ పొగచూరిన టేకు దూలం. పాత ఇల్లు ఇప్పినప్పుడు ఎద్దుల బండి మీద తెచ్చిందట, తలుపులు గూడ ఆ ఇంటియే. దూలం నడుమ తాడు ఒరుసుకుపోయి రెండు గాడులు పడ్డయి, దగ్గర దగ్గర, వేలు పట్టేంత లోతు. స్టూలెక్కి తడిమి చూసిన, నున్నగ ఉన్నయి. నీ తొట్టెల దీనికే కట్టినం, నీకన్న ముందు మీ అమ్మకు, నాకు గూడ ఇదే అన్నడు. ఇన్నేండ్ల నుంచి ఆ ఇంటికి పోతున్న, ఆ దూలం కిందనే పండుకున్న, ఎవ్వలూ చెప్పలే, నేనూ పైకి చూడలే.

ఇదంతా ఎవరి ప్లాన్ అంటే మొదలు పెట్టింది చెల్లె, బోటు మాట్లాడింది బావ, దోస్తుల నంబర్లు నా ఫోన్ల నుంచి దొంగతనం చేసింది మావాడు. ఆ నలుగురిల ఒకామె పొద్దున నారాయణపేట నుంచి మూడు బస్సులు మారి వచ్చింది, మోకాళ్ల నొప్పులతోని, చేతిల చేనేత చీర కవర్. మా ఇండ్లల్ల థాంక్స్ అంటే కోపానికొస్తరు, ఏందే మేం పరాయోళ్లమా అంటరు, అందుకే నోటితోని ఎవ్వలకూ చెప్పలే, ఇట్ల రాసుకుంటున్న. మా ఆయన గాజులు మాత్రం నిజంగనే కొన్నడు, సైజు చిన్నగయినయి, చెల్లెకు ఇచ్చిన.

వచ్చేటప్పుడు అమ్మ వెనక సీట్ల నిద్రపోతే మామకు మెల్లగ ఫోన్ చేసి అడిగిన, అమ్మ ఎప్పుడు పుట్టింది మామా అని. జొన్నలు కోతకొచ్చినప్పుడు, ఏ సంవత్సరమో గుర్తు లేదు అన్నడు. అయితే ఎండకాలంల పెడదాం, నీళ్లు దిగినంక, మొండిగోడలు తేలుతయి కదా అన్న. బోటాయనకు ఇప్పటి నుంచే చెప్పి పెడత అన్నడు మామ. అమ్మకు ఏ మొక్కు పేరు చెప్పాలన్నదే ఇంకా తేలలే.