వాయించకుండా వదిలేసిన చోట్లు

నిన్న రాత్రి మళ్ళీ మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ పెట్టుకున్నా, ఎన్నోసారో లెక్క లేదు. మొదటి ట్రాక్‌లో బేస్ ఏదో అడుగుతున్నట్టు వాయిస్తుంది, మిగతావాళ్ళు రెండే రెండు కార్డ్స్‌తో (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) ఊ కొడతారు, అలా కాసేపు నడిచాక సరిగ్గా మైల్స్ డేవిస్ ట్రంపెట్ అందుకునే క్షణంలో డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. ఆ దెబ్బ కంటే, అది మోగుతూ మోగుతూ సన్నబడిపోవడం ఉంది చూశారూ, దానికోసమే నేను ఈ ఆల్బమ్ పెట్టుకుంటా. ట్రంపెట్ కూడా దాన్ని తొక్కేయదు, ఒక చిన్న ముక్క పలికి ఆగుతుంది, చోటిస్తుంది, మళ్ళీ ఇంకో ముక్క.

1959లో రెండే రెండు రోజులు, మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి కూర్చుని రికార్డ్ చేసేశారు దీన్ని. అప్పటిదాకా జాజ్‌లో కార్డ్స్ చకచకా మారిపోతుంటే సోలో వాయించేవాడు వాటి వెనక పరిగెత్తాల్సి వచ్చేది. ఇక్కడ మొదటి ట్రాక్‌లో పదహారు బార్లు (మన ఆవర్తాల లాంటివి) ఒకటే స్కేలు, తర్వాత ఎనిమిది బార్లు అదే స్కేలు అర మెట్టు పైకి, మళ్ళీ ఎనిమిది బార్లు కిందికి, అంతే. ఆ స్కేలుని డోరియన్ అంటారు, స్వరాలు చూస్తే మన ఖరహరప్రియ స్వరాలే, గమకాలు ఉండవు కాబట్టి రాగం అనలేం గానీ కర్ణాటక సంగీతం కాస్త చెవిన పడినవాళ్ళకి ఇది అస్సలు పరాయిగా అనిపించదు. పరిగెత్తాల్సిన పని లేకపోయేసరికి ఆగడానికి టైమ్ దొరికింది వాళ్ళకి. ఇంకో సంగతి, మొదటి సెషన్‌లో టేప్ మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరగడంతో మొదటి సైడ్ ట్రాకులు మూడూ మామూలు స్పీడ్‌లో వేస్తే శ్రుతి కాస్త పైకెళ్ళి వినిపించేవి, 90లలో వచ్చిన రీఇష్యూల్లో దాన్ని సరిచేశారు. నాకు సరిచేసిందే ఇష్టం. తేడా చిన్నదే గానీ పాతదాంట్లో కొద్దిగా తొందర వినిపిస్తుంది, ఈ ఆల్బమ్‌కి తొందర నప్పదు.

ఇప్పుడు ఏ జానర్ పెట్టుకున్నా నా చెవి ముందు వెతికేది ఇదే, వీళ్ళు ఎక్కడ ఆగారు అని. ఒకప్పుడు అలా కాదు, ఎవరు ఫాస్ట్‌గా వాయిస్తే వాళ్ళే గొప్ప అనుకునేదాన్ని, గిటార్ సోలోలో ఎన్ని నోట్స్ పడ్డాయో అదే కొలత.

మెటల్ రాక్ అనగానే సందు లేకుండా మోత అనుకుంటారు చాలామంది. అలాంటివాళ్ళకి నేను 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వినమంటా. వాన, ఉరుము, దూరంగా గంట, ఆ తర్వాత గిటార్‌లో మూడే స్వరాల రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న వరుస), అదీ చాలా నెమ్మదిగా. ఒక్కో స్వరం వాయించి అది చచ్చేదాకా ఆగి అప్పుడు తర్వాతిది. ఆ ఆగడంలోనే ఉంది భయమంతా. ఆ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీకి ఫ్యాక్టరీలో మెషీన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి, ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కే చెయ్యి అదే, ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకుని వాయించాడు, పలచటి తీగలు వేసుకున్నాడు, తర్వాత మూడో ఆల్బమ్‌కి వచ్చేసరికి తీగలు వదులు చేసి శ్రుతి కూడా కిందికి దించేశాడు. హెవీ మెటల్‌లో ఆ బరువు అక్కడి నుంచి వచ్చింది. ఆ మొదటి ఆల్బమ్ రికార్డింగ్ మొత్తం దాదాపు ఒక్క రోజులో అయిపోయింది, తప్పులు కూడా అలాగే ఉంచేశారు అనిపిస్తుంది నాకు, అయినా ఏం తీసేయాలనిపించదు.

ఇంకో మెటల్ బ్యాండ్ మెటాలికా విషయంలో మాత్రం నాకు నిజంగా బాధ ఉంది. 1986 మాస్టర్ ఆఫ్ పపెట్స్ టైటిల్ ట్రాక్‌లో మధ్యలో అంతా తగ్గిపోయి రెండు గిటార్లు మెల్లగా పాడుకునే భాగం ఉంటుంది కదా, అంత కోపం మధ్యలో అంత నెమ్మది వస్తుంది కాబట్టే తర్వాత కోపం రెట్టింపు అవుతుంది. అదే బ్యాండ్ 2008లో డెత్ మాగ్నెటిక్ తెచ్చింది. పాటలు బాగున్నాయి, నిజంగా బాగున్నాయి, కానీ సీడీ సౌండ్‌ని ఎంత నొక్కేశారంటే మెల్లగా ఉండాల్సింది, గట్టిగా ఉండాల్సింది రెండూ ఒకే ఎత్తులో వచ్చి కూర్చున్నాయి. కంప్రెషన్ అంటే అదే, కింద ఉన్న చప్పుడుని పైకి లేపి పైన ఉన్నదాని నెత్తి కోసేయడం. గుసగుస కూడా అరుపై పోతుంది, అరుపుకి విలువుండదు. డ్రమ్స్ దెబ్బ పడిన చోట చిరిగిన శబ్దం వస్తుంది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఇంకా శుభ్రంగా వినిపించాయంటే ఏం చెప్పాలి. ఇరవై నిమిషాలకే నాకు చెవులు అలసిపోతాయి, వాల్యూమ్ తగ్గించినా అలసట తగ్గదు, ఎందుకంటే సమస్య వాల్యూమ్‌ది కాదు, ఊపిరి తీసుకునే చోటు లేకపోవడం.

దీనికి పూర్తిగా అవతలి గట్టు మీద ఉంటుంది అమెరికన్ రాక్ గాయకుడు స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ నెబ్రాస్కా, 1982. ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద డెమోలుగా చేసుకున్న పాటలు. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో మళ్ళీ వాయించి చూశారు, ఆ బిగువు రాలేదు, చివరికి ఆ క్యాసెట్‌నే ఆల్బమ్‌గా వేసేశారు. టేప్ హిస్, అదే ఆ సన్నటి బుస, వినపడుతూనే ఉంటుంది, ఆ హిస్సే నాకు గది లాగా అనిపిస్తుంది, అందులో ఒక మనిషి, ఒక గిటార్, ఒక హార్మోనికా. నిక్ డ్రేక్ పింక్ మూన్ (1972) అయితే ఇంకా తక్కువ, మొత్తం ఆల్బమ్ ఇరవై ఎనిమిది నిమిషాలు, గొంతు, గిటార్, టైటిల్ పాటలో మాత్రం కాసింత పియానో. ఆ పియానో వచ్చేది కొన్ని క్షణాలే గానీ మిగతా ఆల్బమ్ అంతా అది గుర్తొస్తూ ఉంటుంది నాకు. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే పింక్ మూనే.

మన వైపు నుంచి చెప్పాలంటే కాల్ ఆఫ్ ది వ్యాలీ. 1967లో వచ్చింది, శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్, కాశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరి రోజుని తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా రాగాలతో చెప్పడం. తెల్లవారుజాముకి ఆహిర్ భైరవ్‌తో మొదలై చివరికి పహాడీతో ఆగుతుంది. సంతూర్‌లో ఒక ఇబ్బంది ఉంది, చిన్న కర్రలతో తీగల మీద కొట్టి వాయించే వాయిద్యం, కొట్టగానే మోగుతుంది, వెంటనే తగ్గిపోవడం మొదలవుతుంది, గొంతులాగా స్వరాన్ని సాగదీయడం కష్టం. అందుకే శాస్త్రీయ సంగీతానికి పనికిరాదు అని అప్పట్లో అన్నవాళ్ళు ఉన్నారు. ఈ ఆల్బమ్‌లో వినండి, సంతూర్ స్వరం చల్లారిపోతున్న చోట వేణువు వచ్చి అందుకుంటుంది, వేణువు ఊపిరి అయిపోయే చోట గిటార్ జారుతూ వస్తుంది. ఒకరి లోటు ఇంకొకరికి చోటు. ఇది ఈజీ లిజనింగ్, అసలైన హిందుస్తానీ కాదు అని తీసిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆలాపన గంటసేపు ఉంటేనే లోతు ఉన్నట్టు కాదు కదా.

ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్ (1986) గురించి చెప్తే కొంతమందికి కోపం వస్తుందేమో. త్యాగరాజుకీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితమిచ్చిన ఆల్బమ్, వి.ఎస్. నరసింహన్ వయొలిన్, నాకు చాలా చాలా ఇష్టం, కానీ ఇది కూర్చుని చెవులు రిక్కించి వినాల్సిన ఆల్బమ్, రాత్రి పడుకునే ముందు పెట్టుకునేది కాదు. ఒక వరుస మొదలవుతుంది, దాని తోక పట్టుకుని ఇంకోటి, దాని వెనక మూడోది, ఎక్కడా ఖాళీ ఉండదు. మొదట్లో నాకు ఇది మరీ నిండుగా అనిపించి పక్కన పెట్టేశాను. తర్వాత ఒకసారి కింది వయొలిన్ల వరుస ఒక్కటే పట్టుకుని చివరిదాకా విన్నాను, పైది పట్టించుకోకుండా. అప్పుడు తెలిసింది, ప్రతి వరుసా తన మటుకు తను ఆగుతూనే ఉంది, ఆ ఆగినచోట ఇంకోటి మాట్లాడుతోంది, కలిపి వింటే మనకి నిండుగా అనిపిస్తుంది అంతే. ఫ్యూగ్ అంటే, ఇలా ఒకదాని వెనక ఒకటి అల్లుకునే బాఖ్ తరహా రచన అంటే ఏంటో నాకు అప్పుడే అర్థమైంది.

బ్రయాన్ ఈనో మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్ (1978) గురించి పెద్దగా చెప్పడానికి ఏం లేదు అనుకుంటాం గానీ రెండో ట్రాక్ ఎలా తయారైందో తెలిస్తే వేరేగా వినిపిస్తుంది. గొంతుతో పాడిన ఒక్కో స్వరం ఒక్కో టేప్ లూప్ (చుట్టూ తిరుగుతూ అదే మళ్ళీ మళ్ళీ వాయించే టేపు ముక్క) మీద ఉంటుంది. ఒకటి 23న్నర సెకన్లకి ఒకసారి వస్తుంది, ఇంకోటి దాదాపు 26కి, ఇంకోటి దాదాపు 30కి, పొడవులు కలవవు కాబట్టి ఏ రెండుసార్లూ ఒకేలా పడవు. ఒక్కోసారి మూడూ గుంపుగా వస్తాయి, ఒక్కోసారి చాలాసేపు ఏమీ రాదు. ఆ ఏమీ రానప్పుడు నేను ఊపిరి బిగపట్టి ఉన్నానని గమనించుకున్నా. దీన్ని పడుకోబెట్టే మ్యూజిక్ అంటారు, నన్ను మాత్రం మేలుకోబెడుతుంది.

ఇంత చెప్పి మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండ్ ఆల్బమ్ లవ్‌లెస్ (1991) ఇష్టం అంటే మాట మార్చినట్టు ఉంటుంది. దాంట్లో ఖాళీ అన్నదే లేదు, గిటార్ల మీద గిటార్లు, ఆ బ్యాండ్ గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ ట్రెమోలో ఆర్మ్ (శ్రుతిని ఊపే కడ్డీ) చేత్తో పట్టుకునే స్ట్రమ్ చేస్తాడు కాబట్టి కార్డ్ మొత్తం నీళ్ళలో నీడలాగా ఊగుతుంది. డెత్ మాగ్నెటిక్‌ని తిట్టి దీన్నెలా మెచ్చుకుంటావు అని అడగొచ్చు. నాకు దొరికిన జవాబు ఏంటంటే, ఇక్కడ గొంతుని వెనక్కి, చాలా వెనక్కి పెట్టారు. మాటలు అర్థం కావు, వాటికోసం మనమే ముందుకి వంగాలి. అది మన మీదకి రాదు, మనల్ని లోపలికి పిలుస్తుంది. ఇది సరైన వివరణో కాదో, నా చెవులకైతే తేడా అక్కడే ఉంది.

ఇక నిడివి. ఎల్‌పీ (పెద్ద గ్రామ్‌ఫోన్ రికార్డు) రోజుల్లో సైడ్‌కి ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు దగ్గరైపోయి సౌండ్ పలచబడేది, అందుకని ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని కొట్టుకునేవాళ్ళు. సీడీ వచ్చాక 74 నిమిషాలు దొరికాయి, దొరికాయి కదా అని నింపేశారు, 90ల రాక్, హిప్ హాప్ ఆల్బమ్స్‌లో సగం ఇరవై నిమిషాలు కోసేస్తే బంగారంలా ఉండేవి అని నా గట్టి నమ్మకం. ర్యాపర్ కెండ్రిక్ లమార్ టు పింప్ ఎ బటర్‌ఫ్లై (2015) దీనికి మినహాయింపు. దాదాపు 79 నిమిషాలు, అయినా ఒక కవిత పాటల మధ్యలో కొద్దికొద్దిగా పెరుగుతూ వస్తుంది, ప్రతిసారీ ఇంకో రెండు మాటలు ఎక్కువ చెప్పి ఆపేస్తాడు, చివరికి అది మొత్తం, ఎప్పుడో చనిపోయిన ర్యాపర్ టూపాక్‌కి వినిపిస్తున్నట్టు తెలుస్తుంది. ఆ ఆపేయడం వల్లే నేను చివరిదాకా కూర్చున్నా.

హిప్ హాప్ ప్రొడ్యూసర్ జే డిల్లా ఆల్బమ్ డోనట్స్ ఇంకోలా ఉంటుంది, 31 ముక్కలు, చాలావరకు రెండు నిమిషాలు కూడా ఉండవు. ఒక లూప్ బాగుంది అని తల ఊపడం మొదలుపెట్టేలోపు కట్. మొదట్లో చిరాకు. అతను జబ్బుతో హాస్పిటల్‌లో ఉన్నప్పుడు కూడా దీనిమీద పనిచేశాడని, 2006 ఫిబ్రవరి 7న తన 32వ పుట్టినరోజున ఇది విడుదలై మూడు రోజులకి చనిపోయాడని తెలిశాక ఆ కట్‌లు ఇంక చిరాకుగా వినలేకపోయా. మొదటి ట్రాక్ పేరే ఔట్రో, అంటే ముగింపు ముక్క, చివరి ట్రాక్ వెళ్ళి మొదటిదాంట్లో కలుస్తుంది. రిపీట్‌లో పెడితే ముగింపు ఎక్కడో దొరకదు.

కోల్న్ కాన్సర్ట్ గురించి ఒక్క ముక్క. జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్‌కి ఆ రోజు బాగోలేని చిన్న పియానో దొరికింది అనే కథ అందరికీ తెలుసు, ఆ కథ ఆల్బమ్‌ని మింగేసింది అంటాను నేను. మొదటి ఏడెనిమిది నిమిషాలు ప్రాణం, రెండో భాగంలో ఎడమచెయ్యి అదే పనిగా తిరుగుతున్నప్పుడు నా మనసు ఎటో వెళ్ళిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది మాత్రం పియానిస్ట్ గ్లెన్ గూల్డ్ వాయించిన బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్, రెండు రికార్డింగులూ. 1955లో ఇరవై రెండేళ్ళ వయసులో రికార్డ్ చేసినది 38 నిమిషాల్లో ముగుస్తుంది, 1981లో మళ్ళీ రికార్డ్ చేస్తే 51 నిమిషాలు పట్టింది. అదే బాఖ్, అదే ఏరియా (మొదట్లో వచ్చే పాటలాంటి అసలు ముక్క), దాన్నే మార్చి మార్చి అల్లిన అవే ముప్పై వేరియేషన్లు. కుర్రాడిది వింటే నోరు తెరుచుకుని ఉండిపోతాం, వేళ్ళు అలా ఎలా పరిగెడతాయి అని. చాలా ఏళ్ళు నాకు అదే గొప్ప, రెండోది ముసలితనం అనుకున్నా. ఇప్పుడు తిరగబడింది. మొదటిదాంట్లో ఏరియా రెండు నిమిషాల లోపే అయిపోతుంది, రెండోదాంట్లో మూడు నిమిషాలు, ఒక్కో స్వరం పెట్టి అది ఎక్కడ కూర్చుందో చూసి అప్పుడు తర్వాతిది పెడతాడు. వాయిస్తూ తనలో తను కూనిరాగం తీస్తుంటాడు కూడా, మైక్‌కి దొరికిపోతుంది అది. మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు గదిలో ఎవరో ఉన్నారనుకుని వెనక్కి తిరిగి చూశా. ఈ రికార్డ్ 1982 సెప్టెంబర్‌లో వచ్చింది, అక్టోబర్ 4న ఆయన పోయాడు, యాభై ఏళ్ళకే.

ముప్పై వేరియేషన్లూ అయ్యాక ఏరియా మళ్ళీ వస్తుంది, ఇంకా నెమ్మదిగా. చివరి స్వరం వదిలాక కూడా కాసేపు హెడ్‌ఫోన్స్ తీయను. వెంటనే ఇంకేదో పాట వచ్చి మీద పడకుండా ఆటోప్లే ఎప్పుడో ఆపేసి పెట్టుకున్నా.