బొమ్మకు మాటలు రాసే పని

తిరుపతిలో కూర్చుని ఒక మ్యూజియం వెబ్‌సైట్‌ను చూపు లేనివాళ్లు కూడా వాడుకునేలా సరిచేస్తున్నాను. రంగుల పని తొందరగానే తేలిపోయింది. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్‌సైట్లు అందరికీ అందేలా చేసే ప్రమాణాలు) చెబుతుంది, చూసి మార్చేయడమే.

అసలు తంటా ఫొటోలతో. మా వీధిలో చూపు లేని అన్న ఒకాయన ఎన్‌వీడీఏ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని వింటుంటే, ఒక్కో విగ్రహం దగ్గరా "గ్రాఫిక్, ఐఎంజీ, సున్నా నాలుగు ఏడు" అంటోంది. "ఇది ఏ దేవుడబ్బా?" అన్నాడాయన. ఫొటోలో ఏముందో చెప్పే మాటలు దాని వెనక రాసిపెడితే అది వాటిని చదువుతుంది. 'కంచు విగ్రహం' అని రాస్తే చాలదు, ఆ ముక్క పైన శీర్షికలోనే ఉంది. 'నిలబడిన దేవి, నడుము ఒక పక్కకు ఒరిగింది, కుడిచేతిలో తామర మొగ్గ, ఎడమచేయి కిందికి వేలాడుతోంది' అని రాశాను. విని, "మొగ్గేనా, కొంచెమైనా విచ్చుకోలేదా?" అన్నాడు. ఫొటో పెద్దది చేసి మళ్లీ చూశాను. మొగ్గే.

తెలుగు పేజీలది ఇంకో తలనొప్పి. పాత అను ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి కంటికి తెలుగే, చెవికి మాత్రం గజిబిజి. మళ్లీ టైపు చేయాల్సిందే. బొమ్మలా స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే నోరే విప్పదు.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల పేజీ ఇంకా మిగిలింది. మన చంద్రగిరి రాజమహల్ మూడంతస్తులు. అలాంటి చోటికి బయల్దేరే ముందే మెట్లెక్కడ, ర్యాంపు ఉందా, తలుపు ఎంత వెడల్పు అన్నది తెలియాలి కదా. ఈ మ్యూజియం తలుపులు కొలవడానికి ఆదివారం టేపు తీసుకుని పోతున్నా.