కరగని మాత్ర

నాలుగేళ్లపాటు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఒక మాత్ర వేసుకున్నాను. అల్ప్రాజోలం 0.5 మి.గ్రా., నిద్ర మాత్ర. చిటికెన వేలి గోరు మీద పట్టేంత బిళ్ల. 2018 చివర్లో మా నాయన పోయిన కొత్తలో నిద్ర పట్టేది కాదు. దానికి తోడు మిల్లులో వడ్లు దిగే సీజను. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రాత్రి పదకొండు దాకా లారీలు, కాటా చీటీలు, తేమ శాతం దగ్గర రైతులతో పంచాయితీ. ఒక డాక్టరు పదిహేను రోజులకు రాసిచ్చాడు. పదిహేను రోజులని చీటీ మీద స్పష్టంగానే ఉంది.

ఆ చీటీ చూపించి కొన్నాళ్లు, తర్వాత అది కూడా చూపించకుండా మిగతా కాలమంతా కొన్నాను. ఈ మందు అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి నియమం ఉందని చాలా తర్వాత తెలిసింది. నా పేరు ఏ రిజిస్టరులోనూ ఉండి ఉండదు. షాపతన్ని అనడానికి నాకు నోరు లేదు, ఇవ్వకపోతే గొడవపడేవాణ్ణి నేనే.

2022 డిసెంబరులో జడ్చర్ల దగ్గర మా బావమరిది కూతురి పెళ్లికి పోతూ స్ట్రిప్పు ఇంట్లోనే మరిచిపోయాను. మొదటి రాత్రి కన్ను మూతపడలేదు, పెళ్లింటి సందడి అనుకున్నాను. రెండో రోజు తలంబ్రాల వేళకు చేతులు ఎంత వణికాయంటే, అక్షింతలు వధూవరుల మీద పడకుండా నా చెప్పుల మీదే రాలాయి. డిసెంబరు చలిలో చొక్కా తడిసిపోయింది. చెవుల్లో కీచురాళ్ల మోత. గుండె దడదడ. గుండెపోటే అనుకుని మహబూబ్‌నగర్ ఆస్పత్రికి తీసుకుపోయారు.

ఈసీజీ బాగానే ఉంది. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా చేతులు చాపించి చూసి, "కల్లు తాగుతారా?" అన్నాడు.

"ముట్టను సార్."

"నిద్ర మాత్రలు?"

పేరు చెప్పాను. "కల్తీ కల్లులో కలిపేది అదే కదా పెద్దాయనా. ఎక్సైజ్ వాళ్ల దాడులు జరిగి సరుకు ఆగితే మా దగ్గరికి ఇట్లనే వణుక్కుంటూ వస్తరు. కొందరికి ఫిట్స్ కూడా వస్తయి."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అదే జడ్చర్ల దిక్కు మా మేనమామ ఒకాయన, కల్లు దుకాణం మూతపడితే ఇంట్లో గిన్నెలు విసిరేవాడు, ఉన్నట్టుండి ఎవరితోనో మాట్లాడేవాడు. చిన్నప్పుడు ఆయన్ని చూసి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆయనది కల్లు, నాది మందులషాపు, అంతే తేడా. ఆ డాక్టరు ఒక మాత్ర ఇప్పించాడు. ముప్పావు గంటలో మనిషినయ్యాను. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

తర్వాతి వారం నల్లగొండలో ఒక మానసిక వైద్యురాలి దగ్గర కూర్చున్నాను. మా ఇంటావిడ కూడా వచ్చింది, "ఈయన సగమే చెప్తాడు మేడం" అనడానికి. ఆమె మొదట అడిగినవి మూడు: ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, మందు తాగుతారా, ఇంకా ఏ మాత్రలు వాడుతున్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. మెదడుకు సొంత బ్రేకు ఉంటుంది, ఈ మాత్ర ఆ బ్రేకు మీద కాలు వేసి తొక్కుతుంది. ఏళ్ల తరబడి ఇంకొకరి కాలు ఉంటే మెదడు తన కాలు తీసేస్తుంది. ఒక్కసారి ఆ కాలు లాగేస్తే బండి ఆగదు. కాబట్టి కొద్దికొద్దిగా తీయాలి, ఎంత కొద్దిగా అన్నది మీ ఒళ్లు చెప్తుంది.

ముందు మందు మార్చింది. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు, అందుకే సాయంత్రమయ్యేసరికి నాకు చిరాకు మొదలయ్యేది. నాలుగేళ్లుగా దాన్ని మిల్లు టెన్షన్ అనుకున్నాను. దాని బదులు క్లోనజెపామ్ 0.5, నోట్లో కరిగే రకం ఇచ్చింది. దానికి 30, 40 గంటలు పడుతుంది కాబట్టి ఎత్తుపల్లాలు తక్కువట. నిజమే, వారంలో సాయంత్రాలు కాస్త సర్దుకున్నాయి.

జనవరిలో మాత్రను బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి ఒక ముక్క తీసేయమంది. చేశాను. ఆ ముక్కలు నాలుగూ ఒకలా ఉంటే ఒట్టు. ఒకటి పప్పుబద్ద, ఒకటి పిండి. ఆరో రోజుకు మళ్లీ కీచురాళ్లు, మళ్లీ చెమట. ఉప్పుడు బియ్యం మిల్లులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న నాకు, ఉడికిన వడ్ల వాసనకు కడుపులో తిప్పింది. గేటు బయటే నిలబడిపోయాను. లోపలికి కాలు పోలేదు.

మేడం నన్ను తిట్టలేదు, ముక్కనూ తిట్టలేదు. "ఒకేసారి పావు వంతు తీశాం, మీకు అది ఎక్కువైంది. మళ్లీ పూర్తి మాత్రకు వచ్చేయండి. మూడు వారాలు స్థిరపడ్డాక నీళ్లలో కలిపి తగ్గిద్దాం" అంది. చంటిపిల్లలకు పెద్ద మాత్ర ఇవ్వాల్సి వస్తే వార్డుల్లో చేసే పనేనట. మాత్రను కొలిచిన నీళ్లలో కలిపి, కావాల్సినంత సిరంజితో తీసి పోయడం.

లెక్క ఇది. చిన్న గాజు సీసాలో 10 మి.లీ. నీళ్లు, అందులో ఒక 0.5 మాత్ర. అంటే ఒక మి.లీ.లో 0.05 మి.గ్రా. మందు. పది తాగితే పూర్తి మోతాదు, తొమ్మిది తాగితే పదో వంతు తగ్గినట్టు. మిగిలింది పారబోయాలి, రేపటికి దాచకూడదు, ఏ రోజుది ఆ రోజే. సూది లేని సిరంజిలు రెండు: 10 మి.లీ.ది ఒకటి, వందో వంతు గీతలుండే 1 మి.లీ.ది ఒకటి. ఇది నన్ను, నా మోతాదును, నా బీపీని చూసి ఆమె రాసిన లెక్క. ఇంకొకరికి ఇదే సీసా, ఇదే లెక్క అని నేను చెప్పను.

మొదటి వారమే ఒక పొరపాటు చేశాను. నీళ్లలో వేయగానే మాత్ర విచ్చుకుని తెల్లగా అయ్యింది. కరిగిందనుకున్నాను. ఫోను వస్తే మాట్లాడి, పావుగంట తర్వాత పైనుంచి తొమ్మిది మి.లీ. తీసుకుని తాగాను. ఆ రాత్రి తెల్లవార్లూ జాగారం. పొద్దున్నే సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే, అడుగున సున్నం పొరలా మందు. నేను తాగింది దాదాపు ఉత్త నీళ్లు.

మా అన్న ఆ సమయానికి ఇంట్లో ఉన్నాడు. దామరచర్ల దిక్కు పత్తి వేస్తాడు. సీసా చూసి, "అరే తమ్మీ, పొడి మందు ట్యాంకిల పోసి కలపకుండ కొడితే ఎట్ల? పై చెట్లకు నీళ్లు, ఆఖరి సాలుకు ఇసం. కలుపుతనే ఉండాలె" అన్నాడు. మేడంకు ఫోను చేస్తే ఆమె చెప్పిందీ అదే: ఈ మందు నీళ్లలో కలుస్తుంది కానీ కరగదు. మూత బిగించి బాగా ఊపి, పొడి కిందికి దిగేలోపే సిరంజిలోకి లాగాలి. ఆ రోజు నుంచి తొమ్మిదిన్నరకు మా ఇంట్లో సీసా ఊపే చప్పుడు. మనవరాలు దాన్ని "తాత డాన్సు" అనేది.

ఫిబ్రవరి 20 తర్వాత అసలు తగ్గింపు మొదలైంది. రెండు వారాలకు ఒకసారి, అప్పుడున్న మోతాదులో పదో వంతు. 10 మి.లీ., 9, 8.1, 7.3, 6.6, 5.9, 5.3, 4.8. లెక్కలు రాసేవాణ్ణి కదా, మొదటి రోజే పాత డైరీలో చివరిదాకా వేసుకున్నాను. పది నుంచి సగానికి రావడానికి ఏడు మెట్లు. అక్కడి నుంచి ఒక మి.లీ.కి రావడానికి ఇంకో పదిహేను! తప్పు వేశానేమోనని రెండుసార్లు సరిచూశాను. మేడం దగ్గర మొత్తుకుంటే, "కిందికి వచ్చేకొద్దీ ఒక్క చుక్కే పెద్ద వాటా అవుతుంది. పదిలో ఒకటి తీయడం వేరు, రెండులో ఒకటి తీయడం వేరు. రెండోది సగం తీసేసినట్టే కదా" అంది. వడ్డీ లెక్క తెలిసినవాడికి వేరే చెప్పాలా, నోరు మూసుకున్నాను.

మార్పు చేసిన నాలుగైదు రోజులకు ఒంట్లో తెలిసేది, పదో రోజుకు సర్దుకునేది. పిక్కల్లో పురుగు పాకినట్టు, పంటి వరసలో జివ్వున, తెల్లవారుజామున వింత కలలు. యాసంగి వడ్లు దిగినప్పుడు మూడు వారాలు ఎక్కడున్న మోతాదు అక్కడే ఆపమంది. ఆపడం ఓటమి అనిపించేది నాకు. డైరీలో ఆ గడులు ఖాళీగా కనిపిస్తే చేయి దురద పెట్టేది.

ఆ దురదే ఆగస్టులో కొంప ముంచింది. వానాకాలం సీజను రాకముందే మోతాదు మూడు మి.లీ. దాటించేయాలని, ఎవరికీ చెప్పకుండా రెండు మెట్లు ఒకేసారి దిగాను. ఐదో రాత్రి రెండున్నరకు డాబా మీద తిరుగుతున్నాను. ఇల్లు కూలుతుందేమో, పిల్లలకు ఏమైనా అవుతుందేమో అని ఊరికే భయం. మా ఇంటావిడ పైకి వచ్చి, గోడ మీద చేయి వేసి నిలబడ్డ నన్ను చూసి, ఏమీ అనకుండా 14416కు ఫోను కలిపింది. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది. అవతల అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. ఏం మందు, ఎంత తగ్గించారు, ఫిట్స్ ఏమైనా వచ్చాయా, ఇంట్లో ఇంకెవరున్నారు అని అడిగింది. సొంతంగా ఇంకా తగ్గించొద్దు, పూర్తిగా మానేయొద్దు, పొద్దున్నే మీ డాక్టరుతో మాట్లాడండి అంది. కొత్త సంగతి ఏమీ లేదు. కానీ రెండున్నరకు ఒక గొంతు నిదానంగా మాట్లాడితే చాలు, ఆ రాత్రికి.

మరునాడు మేడం నన్ను ఒక మెట్టు వెనక్కి ఎక్కించింది. "మీ డైరీలో తారీఖులు మీరు ముందే రాసుకున్నారు కదా, ఇటివ్వండి" అని అడిగి, పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టింది. ఇక నుంచి జరిగిన రోజునే రాయాలట. ఇరవై రెండేళ్లలో నా లెక్కల మీద గీత కొట్టిన మొదటి మనిషి ఆమె.

అక్టోబరు, నవంబరుల్లో ఆరు వారాలు మోతాదు కదలలేదు. ఆ మధ్య షాపులో ఎప్పుడూ తెచ్చే కంపెనీ మాత్ర దొరకక వేరేది తెచ్చాను. అది నీళ్లలో గరుకుగా విరిగి, ఊపినా గడ్డలుగా ఉండేది. వీలైనంత వరకు ఒకే కంపెనీది వాడమని మేడం చెప్పింది. అప్పటి నుంచి నెలకు సరిపడా ముందే తెచ్చుకునేవాణ్ణి, ప్రతిసారీ కొత్త చీటీతో. ఈసారి నా పేరు రిజిస్టరులోకి ఎక్కుతుంటే నిలబడి చూశాను.

వీటితోపాటు చేసినవి చెప్పాలంటే, సాయంత్రం నాలుగు తర్వాత చాయ్ బంద్. మిల్లులో ఇది మందు మానడం కంటే కష్టం, ఎందుకంటే వచ్చే ప్రతి రైతుకూ చాయ్ చెప్పి మనం ఊరుకుంటే బాగుండదు. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోమంది. కూర్చున్నాను. బత్తాయిలు ఒలుచుకుంటూ కూర్చున్న రాత్రులు చాలానే ఉన్నాయి.

ఒక మి.లీ. దగ్గరికి వచ్చేసరికి 10 మి.లీ. సిరంజి అవసరం తీరిపోయింది. ఆ తెల్లని నీళ్లు సన్న సిరంజిలోనే పట్టేసేవి. నాలుక మీద వేసుకుంటే తాగినట్టే తెలిసేది కాదు. అయినా మానాలంటే భయం, మందు మీద కాదు, ఆ ఊపే చప్పుడు లేకుండా పడుకోవడం మీద. 0.7 మి.లీ., తర్వాత 0.5 మి.లీ. 2024 ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి ఊపలేదు. సీసా కడిగి బోర్లించాను. డైరీలో ఆ రోజుకు ఆ రోజే సున్నా రాశాను, కింద ఎర్ర ఇంకుతో గీత కొట్టబోయి ఊరుకున్నాను.

తర్వాత రెండు నెలలు నిద్ర ముక్కలు ముక్కలుగా వచ్చింది. చెవిలో మోత ఎండాకాలం అయిపోయేదాకా ఉండి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. ఉడికిన వడ్ల వాసన మళ్లీ వాసనలా ఉంది.

మొన్న దసరాకు అన్న ఇంటికి వచ్చాడు. "నిద్ర పడుతుందారా ఇప్పుడు?" అన్నాడు.

"పడుతుందన్నా. కానీ పొద్దుగాల నాలుగింటికి మెలకువ వస్తది, ఇక పట్టదు."

"నాకు నలభై ఏండ్ల సంది వస్తంది" అన్నాడు అన్న. "బర్రెలకు గడ్డి ఎవరేస్తరు మరి?"