92 డాలర్ల పన్ను, 1,100 ఎకరాల ఎస్టేటు: ఆర్లింగ్టన్ నుంచి బ్యూఫర్ట్ దాకా

వాషింగ్టన్ మెట్రో బ్లూ లైన్‌లో ఆర్లింగ్టన్ సెమెటరీ స్టేషన్ దగ్గర దిగి బయటికి రాగానే, రోడ్డు చివర గుట్ట మీద లావాటి స్తంభాల ఇల్లు కనిపిస్తుంది. ఈ జాతీయ సైనిక శ్మశానానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది కెనెడీ సమాధి, సైనికుల కాపలా మార్పిడి చూసి వెనుదిరుగుతారు. నేను వెళ్లింది ఆ ఇంటి కోసం. అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) ప్రభుత్వం తన మీద తిరగబడిన దక్షిణ రాష్ట్రాలవాళ్ల భూములు ఎలా లాక్కుందో, లాక్కున్నదాన్ని ఎక్కడ నిలబెట్టుకోలేకపోయిందో తెలుసుకోవాలంటే ముందు చూడాల్సింది ఇదే.

ప్రవేశం ఉచితం. 16 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లు ఫొటో గుర్తింపు కార్డు చూపాలి. వర్జీనియాలో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులైతే పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. ఉదయం 8 గంటలకు తెరుస్తారు. ఇంటిదాకా అంతా ఎక్కుడే కాబట్టి వేసవిలో ఎండ ముదరకముందే బయల్దేరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు టికెట్ కొనుక్కుని ట్రామ్‌లో వెళ్లడం మేలు.

స్తంభాలు దూరం నుంచి చలువరాయిలా ఉంటాయి. దగ్గరికెళితే ఇటుక, దాని మీద గచ్చు, గచ్చు మీద రంగుతో గీసిన చలువరాయి చారలు కనిపిస్తాయి. కట్టించింది జార్జ్ వాషింగ్టన్ పెంచుకున్న మనవడు జార్జ్ వాషింగ్టన్ పార్క్ కస్టిస్. 1802లో మొదలుపెట్టి 1818కి పూర్తిచేశాడు. కట్టింది బానిసలు. అందరూ దీన్ని జనరల్ లీ ఇల్లంటారు గానీ, తిరుగుబాటు సేనల్ని నడిపిన ఆ రాబర్ట్ ఈ. లీ ఎప్పుడూ దీని యజమాని కాడు. 1857లో పోయిన కస్టిస్ తన వీలునామాలో 1,100 ఎకరాల ఎస్టేటును కూతురు మేరీకి, అంటే లీ భార్యకు, ఆమె బతికున్నంత కాలం అనుభవించమని రాశాడు. ఆమె తర్వాత పెద్ద మనవడు కస్టిస్ లీకి చెందాలన్నాడు. తర్వాత నడిచిన గొడవంతా ఈ ఏర్పాటు చుట్టూనే.

1861 ఏప్రిల్‌లో లీ సైన్యానికి రాజీనామా ఇచ్చి తిరుగుబాటు పక్షాన చేరాడు. మే 24న ప్రభుత్వ దళాలు గుట్ట మీదికొచ్చాయి. ఆక్రమించుకోవడం ఒక్క పూట పని, హక్కు సంపాదించడమే కష్టం. 1862 జులై 17న కాంగ్రెస్ తిరుగుబాటుదారుల ఆస్తి జప్తు చట్టం తెచ్చింది. అయితే రాజద్రోహానికి పడే శిక్ష వారసులకు సోకకూడదని అమెరికా రాజ్యాంగంలో ఉంది. ఆ కారణంగా అధ్యక్షుడు లింకన్ పట్టుబట్టి ఒక షరతు పెట్టించాడు: జప్తు చేసిన భూమి తిరుగుబాటుదారు బతికున్నంత వరకే పోతుంది. వేలంలో కొన్నవాడి హక్కు పాత యజమాని ప్రాణంతోపాటే తీరిపోతుంది. అలెగ్జాండ్రియా దగ్గర ఫ్రెంచ్ ఫారెస్ట్ అనే తిరుగుబాటు నౌకాదళ అధికారి భూమి విషయంలో అదే జరిగింది. ఆయన పోయాక కొడుకు కోర్టుకెళ్లి భూమి వెనక్కి తెచ్చుకున్నాడు. ఇలాంటి భూమికి మంచి ధర పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

ఆర్లింగ్టన్‌ను పట్టింది అంతకు నెల ముందు, జూన్ 7న వచ్చిన మరో చట్టం. తిరుగుబాటు ప్రాంతాల్లో భూమి పన్ను వసూలుకు అది ముగ్గురేసి కమిషనర్లను పెట్టింది. పన్ను కట్టకపోతే సగం జరిమానా, అప్పటికీ కట్టకపోతే భూమి వేలం. ఇక్కడ నేరం ఊసే లేదు, ఉన్నది బకాయి ఒక్కటే. కాబట్టి కొన్నవాడికి జీవితకాల హక్కు కాకుండా పూర్తి హక్కు దక్కుతుంది. ఆర్లింగ్టన్ మీద పడిన పన్ను 92 డాలర్ల 7 సెంట్లు. జరిమానాతో కలిపి దాదాపు 138 డాలర్లు.

మేరీ లీ అప్పటికే కీళ్ల జబ్బుతో నడవలేని మనిషి, పైగా యుద్ధరేఖకు అవతల ఉంది. డబ్బిచ్చి బంధువు ఫిలిప్ ఫెండాల్‌ను పంపింది. యజమాని స్వయంగా వస్తే తప్ప తీసుకోబోమని అలెగ్జాండ్రియాలోని కమిషనర్లు తిప్పి పంపారు. ఆ నియమం చట్టంలో లేదు, వాళ్లంతట వాళ్లు పెట్టుకున్నది. 1864 జనవరి 11న వేలం జరిగింది. 34,100 డాలర్లుగా విలువ కట్టిన ఎస్టేటును అధ్యక్షుడి ఆదేశం మీద ప్రభుత్వమే 26,800 డాలర్లకు పాడుకుంది. నా లెక్కలో ఈ వ్యవహారమంతా చెడింది వేలంలో కాదు, అంతకు ముందు ఫెండాల్ చేతిలోని డబ్బు పుచ్చుకోని ఆ గదిలో.

నాలుగు నెలలకు, మే 13న, తొలి సైనికుడు విలియం క్రిస్ట్‌మన్‌ను ఇక్కడ పూడ్చారు. సైన్యపు సరఫరాల అధిపతి మాంట్‌గమరీ మీగ్స్ అంతటితో తృప్తిపడలేదు, ఇంటి గుమ్మం దాకా సమాధులు రావాలన్నాడు. ఇంటి పక్కన పూలతోట అంచున వరసగా ఉన్నవి అధికారుల సమాధులు. ఆ పక్కనే పెద్ద గ్రానైటు రాతి పెట్టె కింద, బుల్ రన్ యుద్ధభూమి నుంచీ రాపహానక్ నదికి వెళ్లే దారి పొడవునా ఏరి తెచ్చిన 2,111 మంది గుర్తు తెలియని సైనికుల ఎముకలు ఉన్నాయని దాని మీదే చెక్కి ఉంది. లీ కుటుంబం మళ్లీ ఇక్కడ కాపురం పెట్టే వీలు లేకుండా చేశారు.

మేరీ 1873లో పోయింది. 1877లో కస్టిస్ లీ స్వాధీనం కోసం దావా వేశాడు. ప్రభుత్వం ఒప్పుకోనిదే దాని మీద దావా చెల్లదు కాబట్టి, ఎస్టేటును చూసుకుంటున్న ఇద్దరు అధికారులను, కౌఫ్‌మన్‌నూ స్ట్రాంగ్‌నూ, ప్రతివాదులుగా చేర్చాడు. 1882 డిసెంబర్ 4న సుప్రీంకోర్టు 5-4తో అతని వైపు తీర్పిచ్చింది. యజమాని తరఫున మరొకరు పన్ను తెస్తే పుచ్చుకోవాల్సిందే, పుచ్చుకోకుండా వేసిన వేలం చెల్లదు, పరిహారం ఇవ్వకుండా భూమి తీసుకునే హక్కు ప్రభుత్వానికి లేదు అని న్యాయమూర్తి మిల్లర్ రాశాడు. వేలాది సమాధుల్ని తవ్వడం ఎవరికీ ఇష్టం లేదు. 1883 మార్చిలో 1,50,000 డాలర్లు పుచ్చుకుని కస్టిస్ లీ హక్కు రాసిచ్చాడు. అప్పుడు యుద్ధశాఖ మంత్రి లింకన్ కొడుకు రాబర్ట్.

ఇంటి వెనక బానిసల గదులు తప్పకుండా చూడాలి. కస్టిస్‌కు అరియానా కార్టర్ అనే బానిస స్త్రీ వల్ల పుట్టిన కూతురు మరియా సైఫాక్స్. ఎస్టేటులో సుమారు 17 ఎకరాలు ఆమెకిచ్చాడు గానీ దస్తావేజు రాయలేదు. వేలంలో ఆ భూమీ కొట్టుకుపోయింది. 1866లో ఆమె కోసం కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి వెనక్కిచ్చింది. తాత వీలునామా ఉన్న మనవడికి పోరాడితే లక్షన్నర వచ్చింది. కాగితం లేని మరియాకు చట్టసభ దయ తలచాల్సి వచ్చింది. శ్మశానం ఉత్తరపు కొనలో సెక్షన్ 27 ఉంది. తొలి సమాధులు అక్కడివే. నల్లజాతి సైనికులతోపాటు యుద్ధకాలంలో పారిపోయి వచ్చిన బానిసలు వేలమందిని అక్కడ పూడ్చారు. చాలా రాళ్ల మీద పేరు కింద ‘సిటిజన్’ అనో ‘సివిలియన్’ అనో ఒక్క మాటే ఉంటుంది. బతికుండగా సుప్రీంకోర్టు పౌరులు కారని చెప్పిన మనుషులు వాళ్లు. ఆ వరసల మధ్య నింపాదిగా నడవండి, తొందరపడొద్దు.

ఇదే పన్ను చట్టం మరోలా పనిచేసిన చోటు దక్షిణ కరొలైనాలోని బ్యూఫర్ట్. ఐ-95 మీద కారులో దాదాపు రోజంతా పడుతుంది. 1861 నవంబర్‌లో ప్రభుత్వ నౌకాదళం పోర్ట్ రాయల్ పట్టుకోగానే పత్తి దొరలంతా పారిపోయారు, దాదాపు 10,000 మంది బానిసలు అక్కడే మిగిలారు. పన్ను కట్టడానికి ఎవరూ రాలేదు. 1863 మార్చి నుంచి వేలాలు జరిగాయి. ఎక్కువ భూమి ప్రభుత్వానికీ బోస్టన్ పెట్టుబడిదారులకూ పోయినా, కొన్ని చోట్ల విముక్తి పొందినవాళ్లు డబ్బు కూడగట్టి కొనుక్కున్నారు.

ప్రిన్స్ వీధిలో 511 నంబరు ఇంటి వెనక గదిలో బానిసగా పుట్టిన రాబర్ట్ స్మాల్స్, 1862లో చార్ల్స్‌టన్ రేవు నుంచి ప్లాంటర్ అనే ఓడను నడుపుకుంటూ ప్రభుత్వ పక్షానికి తెచ్చాడు. తర్వాత ఆ ఇంటినే పన్ను వేలంలో కొన్నాడు, అమెరికా కాంగ్రెస్‌కూ ఎన్నికయ్యాడు. పాత హక్కుదారు డి ట్రెవిల్ దావా వేస్తే సుప్రీంకోర్టు స్మాల్స్ పక్షాన నిలిచింది: పన్ను ముందే కట్టామనో, భూమి విడిపించుకున్నామనో చూపలేకపోతే కమిషనర్ల పత్రం చెల్లుతుంది. ఆర్లింగ్టన్‌లో కట్టడానికి మనిషి వచ్చాడు, ఇక్కడ రాలేదు. రెండు తీర్పులకూ తేడా అదే. ఆ ఇల్లు ఇప్పుడు ప్రైవేటుది, వీధిలోంచే చూడాలి. అంతర్యుద్ధం తర్వాతి పునర్నిర్మాణ యుగపు జాతీయ పార్కు కార్యాలయం ఊళ్లోనే, పాత ఫైర్ స్టేషన్ భవనంలో ఉంది. ముందు అక్కడికి వెళ్తే పక్కనే ఉన్న సెయింట్ హెలీనా దీవిలో ఏవేవి చూడాలో చెబుతారు.

కొంచెం ఉత్తరాన ఎడిస్టో దీవిలో కథ తిరగబడింది. 1865 జనవరిలో ప్రభుత్వ సైన్యపు జనరల్ షెర్మన్ తీరం వెంబడి, విముక్తి పొందినవాళ్లకు కుటుంబానికి 40 ఎకరాల చొప్పున ఇమ్మని ఆదేశించాడు. అది స్వాధీన పత్రమే తప్ప పూర్తి హక్కు కాదు. ఆ ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి భూములు తిరిగివ్వమన్నాడు. అక్టోబర్‌లో, విముక్తి పొందినవాళ్ల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థ అధిపతి జనరల్ హోవర్డ్ స్వయంగా దీవికొచ్చి ఆ మాట చెప్పాడు. పంట వేసుకున్నవాళ్లను కూలి ఒప్పందానికి ఒప్పుకోమనో, ఖాళీ చేయమనో అన్నారు.

సెయింట్ హెలీనాలో వేలం భూముల్ని నిలబెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల చిక్కు వేరు. వీలునామాలు లేకుండా తరాలు మారడంతో ఒకే భూమి చెక్క మీద పదుల మంది ఉమ్మడి హక్కుదారులు తేలారు. వాళ్లలో ఒక్కరు తన వాటా బయటివాళ్లకు అమ్మితే, కొన్నవాళ్లు కోర్టుకెళ్లి మొత్తం భూమినే అమ్మించగలిగేవారు. 2016లో దక్షిణ కరొలైనా చేసిన చట్టంతో, ఎవరైనా అలా అమ్మకం కోరితే వాళ్ల వాటాను కోర్టు కట్టిన ధరకు ముందుగా కొనుక్కునే హక్కు మిగతా వారసులకు వచ్చింది.