ఫ్యాటీ లివర్‌కి ఏం మానాను, ఏం మానలేదు

లివర్లో కొవ్వు పేరుకుంటే చాలామందికి నొప్పంటూ ఏమీ ఉండదు. నాకూ లేదు. వేరే పని మీద గుంటూరు కొత్తపేటలో తీయించిన కడుపు స్కానింగులో ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని పడింది. తరవాత చేయించిన రక్త పరీక్షల్లో ఎస్‌జీపీటీ 92, ఎస్‌జీవోటీ 58 (లివరు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు, రెండూ సుమారు 40 లోపు ఉండాలి), ట్రైగ్లిజరైడ్లు 268 (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, 150 లోపు ఉండాలి), మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1. అది 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడినట్టు, 6.5కి చేరితే ఇంట్లోకి వచ్చినట్టు. వయసు 47, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, బొడ్డు దగ్గర చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. మన దేశంవాళ్లకి మగవాళ్లయితే 90, ఆడవాళ్లయితే 80 దాటకూడదు. ఎత్తుతో బరువుని పోల్చే బీఎంఐ 25 దాటితే మనకి ఊబకాయం కింద లెక్క. నాది 30 పైన.

తిండి జోలికి వెళ్లేముందు రెండు పనులు చేయించుకోవాలి. ఒకటి, ఎస్‌జీపీటీ పెరగడానికి వేరే కారణం లేదని తేల్చుకోవడం: హెపటైటిస్ బి, సి పరీక్షలు, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, వాడే మందుల జాబితా, మద్యం సంగతి. డాక్టరు దగ్గర మద్యం విషయం దాచితే వైద్యం దారి తప్పుతుంది. రెండోది, లివర్లో మచ్చ కట్టిందా లేదా చూడటం. దీనికి ఫిబ్-4 అనే లెక్క ఉంది, ఫోన్లో క్యాలిక్యులేటరుంటే చాలు. వయసుని ఎస్‌జీవోటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు కాబట్టి 250, నాకు 1.14 వచ్చింది. 1.3 లోపు ఉంటే పెద్దగా మచ్చ లేనట్టే (65 ఏళ్లు దాటినవాళ్లకి 2 లోపు). దాటితే లివరు ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. గ్రేడ్ 2 అన్న మాట కొవ్వు ఎంతుందో చెబుతుందే గానీ మచ్చ గురించి చెప్పదు. ఈ తేడా తెలియక గ్రేడు చూసి బెంబేలెత్తేవాళ్లున్నారు, ఫర్వాలేదులే అని వదిలేసేవాళ్లూ ఉన్నారు.

దీనికి మొదటి మందు బరువు తగ్గడమే. ఉన్న బరువులో 5 శాతం తగ్గితే లివర్లో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. నా 86 కిలోలకి అది ఆరు నుంచి ఎనిమిదిన్నర కిలోలు. వారానికి అరకిలో చొప్పున, తొందర లేకుండా.

మొదట కోసేయాల్సింది తినేవి కాదు, తాగేవి. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజుని ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజులో ఎక్కువ భాగం నేరుగా లివరుకే చేరుతుంది, మోతాదు మించితే అక్కడే కొవ్వుగా మారుతుంది. పైగా తాగినదానికి కడుపు నిండిన లెక్క ఉండదు. చెరకు రసం తాగొచ్చి భోజనంలో ఒక ముద్ద తగ్గించిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ గ్లాసు 250 మిల్లీలీటర్లుంటే చక్కెర 30 గ్రాములకు తగ్గదు. అంతే కూల్‌డ్రింకులో 25 గ్రాముల పైనే. బత్తాయి రసం గ్లాసు నిండాలంటే మూడు నాలుగు కాయలు పిండాలి, పీచంతా పిప్పిలో పోతుంది, కొట్టువాడు పైన పంచదార వేస్తాడు. కాయ ఒలుచుకు తింటే ఒకటి, మహా అయితే రెండు తింటాం. బాదం పాలు, రోజ్‌మిల్క్ సంగతి చెప్పక్కర్లేదు.

అసలు గండం టీ దగ్గర. గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులో నిలబడ్డా పది అడుగుల్లో టీ బండి ఉంటుంది. కప్పుకి రెండు చెంచాలంటే పది గ్రాముల చక్కెర. రోజుకి నాలుగు కప్పులైతే 40 గ్రాములు, 160 కేలరీలు, పాలు కాక. ఒక్కసారి మానేస్తే టీ నోట్లో పెట్టుకోలేం. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక సర్దుకుంటుంది. కొట్టులో ముందే కలిపి మరిగిస్తారు కాబట్టి ఇది ఇంటి టీతోనే కుదురుతుంది, బయట బ్లాక్ కాఫీయే దారి. హైవే పొడుగునా ‘బెల్లం టీ’ బోర్డులు చూసి మోసపోవద్దు. బెల్లంలోనూ ఎక్కువ భాగం పంచదారే, లివరుకి రంగు తేడా తెలియదు. తేనె కూడా అంతే.

ఎండాకాలం ఏం తాగాలన్నది గుంటూరులో ఉన్నవాడికి చిన్న ప్రశ్న కాదు. గోలీసోడాలో తీపి కలపనిది తీసుకోవచ్చు. నిమ్మసోడా అయితే ‘ఉప్పుది, పంచదార వద్దు’ అని గ్లాసు చేతికి రాకముందే చెప్పాలి. కొబ్బరిబోండం రోజుకొకటి ఫర్వాలేదు. అన్నిటికన్నా మజ్జిగ మేలు: మీగడ తీసిన పెరుగు 50 మిల్లీలీటర్లు, నీళ్లు 200, చిటికెడు ఉప్పు, దంచిన అల్లం, నలిపిన దబ్బాకు. ముప్పై కేలరీలు. బీపీ ఉంటే ఉప్పు వేయకండి. ఓఆర్ఎస్ విరేచనాలకి మందు, దాహానికి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి. ఆ పేరు తగిలించుకుని తియ్యటి పానీయాలు డబ్బాల్లో అమ్ముడుపోయేవి. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదంది.

ఇక అన్నం. మన విస్తరిలో చిక్కెక్కడుందంటే, ప్రతి పదార్థానికీ విడిగా అన్నం వడ్డించుకుంటాం. పప్పుకి ఒకసారి, కూరకి ఒకసారి, పచ్చడికి ఒకసారి, చారుకో పులుసుకో ఒకసారి, చివర పెరుగుకి. అయిదు వడ్డనలు. అన్నం తగ్గించమంటే అందరూ ఒక్కో వడ్డనలో రెండేసి మెతుకులు తగ్గిస్తారు, వారం తిరక్కుండా మళ్లీ మామూలే. అలాకాకుండా మూడు వడ్డనలు పూర్తిగా ఎత్తేయాలి. చారు గ్లాసులో తాగాలి. పెరుగు గిన్నెలో వేసుకుని చెంచాతో తినాలి. పచ్చడికి విడిగా అన్నం కలపకూడదు, పప్పన్నంలో నంజుకోవాలి. మిగిలేవి పప్పన్నం, కూరన్నం. వేడన్నం, గోంగూర పచ్చడి, నెయ్యి, ఉల్లిపాయ ముక్క ఒక్కచోట చేరితే లెక్కలు నిలవవు. నెలకోసారి దానికంటూ ఒక పూట పెట్టుకోవడం నయం.

కొలత కంటితో కుదరదు. వంటింటి త్రాసు కొనండి. పూటకి 150 గ్రాముల బియ్యం తినే మనిషి 75కి రావాలి, 260 కేలరీలు తగ్గుతాయి. ఇంటిల్లిపాదికీ ఒకే కుక్కరు కాబట్టి పచ్చి బియ్యం తూచి, ఉడికాక అన్నం తూచి, ఎన్ని రెట్లయిందో ఒకసారి చూసుకుంటే చాలు; అవే బియ్యం, అవే నీళ్లయితే మారదు. మా ఇంట్లో 75 గ్రాములు 200 చిల్లర అవుతాయి. ఆ ఖాళీలోకి 200 గ్రాముల కూర, గట్టి పప్పు (40 గ్రాముల కందిపప్పుకి 9 గ్రాముల దాకా ప్రొటీన్) రావాలి. కూరలో కారం సగానికి తగ్గించాలి. మిర్చి యార్డున్న ఊళ్లో ఇది అనకూడని మాటే గానీ, కారం ఎక్కువైన కూర దానంతటదే అన్నాన్ని లాగుతుంది.

ఏ బియ్యం అని అడుగుతారు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, మనం సాంబా మసూరి అనేది, దాన్ని మానక్కర్లేదు. ‘షుగర్‌లెస్’ అని రాసిన బస్తాలోనూ పిండిపదార్థమే. కొర్రల్లో పీచు ఎక్కువ, చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుంది, నిజమే; కానీ వంద గ్రాములకి కేలరీలు బియ్యానికి అటూ ఇటుగా అంతే. కొర్రలు కదా అని కడుపునిండా తిని బరువు పెరిగినవాళ్లున్నారు. అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగే పద్ధతి ఆ మధ్య మన ఊళ్లన్నిటినీ ఊపేసింది. తగ్గినవాళ్లు తగ్గారు. 70 గ్రాముల కొబ్బరినూనె 630 కేలరీలు, అందులో నూటికి ఎనభై పైన సంతృప్త కొవ్వు. ట్రైగ్లిజరైడ్లతో పాటు చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కూడా ఎక్కువున్న ఒంటికి అది వద్దనుకున్నాను.

నూనె సంగతి నెల సరుకుల్లో తేలిపోతుంది. మనిషికి నెలకి అరలీటరు. నలుగురున్న ఇంట్లో రెండు లీటరు ప్యాకెట్లు దాటితే వేపుళ్లు ఎక్కువైనట్టు. సాయంత్రం మిరపకాయ బజ్జీల స్థానంలో శనగ గుగ్గిళ్లు. టిఫినుకి ఇడ్లీ, పెసరట్టు మంచివే, పెసరట్టులో ఉప్మా లేకుండా; ఇడ్లీ కారప్పొడి మీద నెయ్యి చెంచాకి 45 కేలరీలు.

తేడా కొట్టేవి ఇక్కడ మొదలవుతాయి. మొదటి వారం రెండు కిలోలు పోతే సంబరపడొద్దు, అందులో చాలావరకు నీళ్లు: ఒంట్లో నిలవుండే గ్లైకోజన్ గ్రాముకి మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, పిండిపదార్థం తగ్గగానే రెండూ పోతాయి. ఆ తరవాత కూడా వారానికి కిలోన్నర మించి పడిపోతుంటే ఆపాలి. అంత వేగంలో పిత్తాశయంలో రాళ్లు పడతాయి, కొవ్వు బొత్తిగా మానేస్తే ఇంకా త్వరగా, ఎందుకంటే కొవ్వు తగలనిదే ఆ సంచి సరిగ్గా ముడుచుకోదు. కుడి డొక్కలో పక్కటెముకల కింద తిన్న తరవాత పట్టేసినట్టు నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగకుండా స్కానింగుకి వెళ్లాలి.

షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. మాత్ర అంతే ఉండి తిండి సగమైతే రక్తంలో చక్కెర 70 కిందకి దిగొచ్చు: చెమటలు, వణుకు, గుండెదడ. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. అప్పుడు మాత్రం పంచదార మందే. బీపీ మాత్రల మోతాదూ బరువుతోపాటు మారుతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే అదే సూచన. మలబద్ధకానికి కూర, నీళ్లు పెంచడమే మొదటి మందు. రెండు మూడు నెలలకి జుట్టు రాలితే నూనెలు మార్చడం కాదు, ప్రొటీన్ చూసుకోవాలి: కిలో బరువుకి రోజుకో గ్రాము. గుడ్డుకి ఆరు గ్రాములు.

బరువు ముల్లు ఒకచోట ఆగిపోవడమూ మామూలే. 80 కిలోల ఒంటికి 86 కిలోలప్పుడు కావలసినంత తిండి అక్కర్లేదు. ఇంకా కోసేముందు ఆదివారం బిర్యానీ, ఆఫీసులో చేతికందే చేగోడీలు లెక్కలోకి వస్తున్నాయా చూడండి. ఎండ ముదరకముందే, పొద్దున ఆరింటికల్లా నడక మొదలుపెట్టాలి, వారానికి రెండున్నర గంటలు.

రక్త పరీక్షలు మూడు నెలలకి, స్కానింగు ఆరు నెలలకి చాలు. నా బరువు 77.5కి వచ్చింది, నడుము 94కి. ఎస్‌జీపీటీ 36, ట్రైగ్లిజరైడ్లు 142, హెచ్‌బీఏ1సీ 5.6. స్కానింగు ‘నార్మల్’ అంది. ఆ మాటని పూర్తిగా నమ్మలేం: లివర్లో కొవ్వు 20 శాతం లోపుంటే అల్ట్రాసౌండుకి సరిగ్గా దొరకదు, జబ్బు లెక్క మాత్రం 5 శాతం నుంచే. నడుము ఇంకా నాలుగు సెంటీమీటర్లు తగ్గాలి. పెరుగన్నం ఆదివారాలు తిరిగొచ్చింది, తూకంతో. చెరకు రసం రాలేదు. ఏడాదికోసారి ఫిబ్-4, ఆరు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకుంటున్నాను.